విదేశీ సేవకుల నిత్యజీవితం: పీస్ కోర్ అనుభవం

స్వదేశాన్ని విడిచి, జీతం ఆశించకుండా, ముక్కూ మొహమూ తెలియని మనుషుల మధ్య ఏడాదో రెండేళ్లో నివసించి, అక్కడి బడిలోనో ఆసుపత్రిలోనో పొలాల్లోనో పనిచేసేవారిని విదేశీ స్వచ్ఛంద సేవకులు అంటారు. మతప్రచారానికి వెళ్లిన మిషనరీలు, ఉద్యోగరీత్యా వెళ్లిన నిపుణులు, వరదలూ భూకంపాలూ సంభవించినప్పుడు కొద్దివారాల సహాయానికి వెళ్లి తిరిగివచ్చేవారు ఈ కోవలోకి రారు. వారి ఉద్దేశాలు వేరు, వసతులూ వేరు. బ్రిటన్‌లో అలెక్ డిక్సన్ దంపతులు 1958లో ప్రారంభించిన వాలంటరీ సర్వీస్ ఓవర్సీస్, అమెరికా ప్రభుత్వం 1961లో ఏర్పాటు చేసిన పీస్ కోర్, జపాన్ ప్రభుత్వం 1965లో నెలకొల్పిన విదేశీ సహకార సేవకుల సంస్థ, ఐక్యరాజ్యసమితి 1970లో తీర్మానించి ఏర్పరచిన యు.ఎన్. వాలంటీర్స్ ఈ రంగంలో పేరెన్నికగన్న సంస్థలు. వీటిలో పీస్ కోర్ సేవకులు తమ దినచర్యను గురించి తామే రాసిన పుస్తకాలు విస్తారంగా లభిస్తున్నందువల్ల ఈ ప్రసంగం ప్రధానంగా వాటినే ఆధారం చేసుకొంటుంది.

సేవను గురించిన ఉపన్యాసాలకు ఎక్కడా కొదవ లేదు గాని, సేవకుని రోజు ఉదయం నుంచి రాత్రి దాకా ఎలా గడుస్తుందో పట్టించుకొన్నవారు తక్కువ. ఆ రోజును పరిశీలిస్తే, ఇవ్వడానికి వెళ్లిన మనిషి మొదటి నెలలన్నీ పుచ్చుకోవడంలోనే గడుపుతాడన్న సంగతి బయటపడుతుంది: అన్నం, మాటలు, దారి చూపడం, తప్పు దిద్దడం, జ్వరం వస్తే పక్కన కూర్చోవడం, ఇవన్నీ ఊరివారే సమకూర్చాలి. ఈ పుచ్చుకోవడాన్ని చిన్నతనంగా భావించినవారి పని తరచు నిలవలేదనీ, దాన్ని ఓపికగా నేర్చుకొన్నవారి పని కొంతైనా నిలిచిందనీ ఆ పుస్తకాలు చదివినవారికి అనిపించక మానదు.

జాన్ కెనడీ అధ్యక్షపదవికి పోటీచేస్తున్న రోజుల్లో, 1960 అక్టోబరు 14వ తేదీ తెల్లవారుజామున రెండు గంటల వేళ, మిషిగన్ విశ్వవిద్యాలయ భవనం మెట్ల మీద నిలబడి, డాక్టర్లు కాబోతున్న విద్యార్థుల్లో ఎంతమంది ఘనా వంటి దేశంలో పనిచేయడానికి సిద్ధంగా ఉన్నారని అడిగారు. గెలిచిన తరువాత 1961 మార్చి 1న ఆయన సంతకం చేసిన ఉత్తర్వుతో పీస్ కోర్ ఏర్పడింది. ఆయన బావగారు సార్జెంట్ ష్రైవర్ మొదటి డైరెక్టర్ అయ్యారు. అదే ఏడాది సెప్టెంబరులో వచ్చిన చట్టం సంస్థకు మూడు లక్ష్యాలను నిర్దేశించింది: అడిగిన దేశాలకు శిక్షణ పొందిన మనుషులను పంపడం మొదటిది, అమెరికన్లంటే ఎవరో ఆ దేశాల ప్రజలకు తెలిసేట్లు చేయడం రెండవది, ఆ ప్రజలంటే ఎవరో అమెరికన్లకు తెలిసేట్లు చేయడం మూడవది. మొదటిది పనికి సంబంధించింది, తక్కిన రెండూ పరిచయానికి సంబంధించినవి. అయినా పద్దులు రాసేటప్పుడు మొదటిదే ముందుకు వస్తుంది, ఎందుకంటే తవ్విన బావులను లెక్కపెట్టవచ్చు గాని కలిసి తాగిన టీ కప్పులను లెక్కపెట్టి అమెరికా కాంగ్రెసుకు చూపించలేరు.

ఆ 1961లోనే ష్రైవర్ ఢిల్లీకి వచ్చి నెహ్రూను కలిసినప్పుడు, అమెరికా యువతీయువకులు భారతదేశంలో ఎంతో నేర్చుకోవచ్చుననీ, అయితే వారు తిరిగివెళ్లే నాటికి పంజాబు వారు వచ్చిన నాటిలాగానే ఉంటే మరీ నిరాశపడకూడదనీ నెహ్రూ అన్నట్లు ష్రైవర్ తరువాతి కాలంలో చెప్పుకొన్నారు. ఇందులో ఎత్తిపొడుపు లేకపోలేదు. కాని ఆ తరువాతి అరవై ఏళ్ల అనుభవం మీద దీనికంటే సూటి వ్యాఖ్య మరొకటి రాలేదు.

సేవాకాలం సాధారణంగా 27 నెలలు. అందులో మొదటి మూడు నెలలు శిక్షణ. తొలి సంవత్సరాల్లో ఈ శిక్షణ అమెరికా విశ్వవిద్యాలయాల్లోనే జరిగేది; కాలేజీ గదిలో కూర్చొని పల్లె జీవితం నేర్చుకోవడంలోని అసంబద్ధత తెలిసివచ్చాక, అది క్రమంగా ఆతిథ్యదేశాలకు మారింది. నేడు శిక్షణలో ఉన్నవారిని ఊళ్లోని ఒక కుటుంబంలో ఉంచుతారు. దీనిని హోమ్‌స్టే అంటారు, ఆ కుటుంబాన్ని ఆతిథ్య కుటుంబం అంటారు. సేవకునికి తాళం వేసుకోగల ఒక గది ఉండాలనే నియమం ఉంది, భోజనాల ఖర్చు సంస్థ ఇస్తుంది. ఇంతవరకు కాగితం మీద రాసిపెట్టిన ఏర్పాటు; దాని తరువాత జరిగేదంతా ఆ ఇంటి ఇల్లాలి చేతిలో ఉంటుంది.

డిగ్రీ పుచ్చుకొని, సొంత కారు నడిపి, ఓటు వేసిన మనిషి ఆ ఇంటి గడప దాటగానే పసివాడైపోతాడు. ఏ చేత్తో తినాలో, ఎక్కడ చెప్పులు విడవాలో, పెద్దలు ఎదురైతే ముందుగా ఎవరు పలకరించాలో, మరుగుదొడ్డిలో ఎలా కూర్చోవాలో ఒకరు చెప్పాలి. బట్టలు చేత్తో ఉతకడం చేతకాక చర్మం ఒరుసుకుపోతే, ఇంటి ఆడపిల్ల నవ్వుతూ ఆ బట్టలు లాక్కొని తానే ఉతికి ఆరవేస్తుంది. ఒక్క బకెట్ నీళ్లతో తలస్నానం ముగించడం ఎలాగో సేవకులు తమ ఉత్తరాల్లో పేజీలకొద్దీ వర్ణిస్తారు; చెంబుతో నీళ్లు పోసుకోవడం కూడా ఒక విద్య అని తెలుగు శ్రోతలకు ఎన్నడూ తోచి ఉండదు. ఇంట్లోని ఆరేళ్ల పిల్లవాడు సేవకుని కంటే బాగా మాట్లాడగలడు గనుక మొదటి గురువు తరచు వాడే అవుతాడు, పైగా వాడికి మొహమాటం లేదు, తప్పును తప్పని వెంటనే అంటాడు.

భాషను రోజూ గంటలతరబడి నేర్పుతారు. శిక్షణ చివర ఒక ముఖాముఖి పరీక్ష పెట్టి, సేవకుడు ఏ స్థాయికి చేరాడో నిర్ణయిస్తారు. పరీక్షలో నెగ్గడం వేరు, సంతలో నెగ్గడం వేరు. 1996 నుంచి 1998 వరకు చైనాలో యాంగ్‌ట్సీ నది ఒడ్డున ఉన్న ఫూలింగ్ పట్టణంలోని ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో ఇంగ్లీషు సాహిత్యం బోధించిన పీటర్ హెస్లర్, ‘రివర్ టౌన్’ అనే పుస్తకంలో ఈ స్థితిని నిశితంగా విశ్లేషించారు. చైనీయులు ఆయనకు హో వెయ్ అనే పేరు పెట్టారు. ఇంగ్లీషులో షేక్‌స్పియర్‌ను బోధించే ఆచార్యుడు ఒకరు, నూడుల్స్ దుకాణంలో కూర్చొని తడబడుతూ మాట్లాడే హో వెయ్ మరొకరు. ఈ రెండవ మనిషికి తెలివి తక్కువ, స్నేహం ఎక్కువ. ఊరివారు తమ సంగతులు చెప్పుకొన్నది ఈ రెండవవానితోనే. కొండవాలు మీద మెట్లతో కట్టిన ఆ పట్టణంలో నాడు సైకిళ్లు కూడా నడిచేవి కావు. వీధిలోకి వస్తే చాలు, జనం గుమిగూడి చూసేవారు, వెనకనుంచి ‘హలో’ అని కేకలు పెట్టేవారు. రాజకీయ కారణాల వల్ల చైనాలో ఈ సంస్థను పీస్ కోర్ అని పిలవక, అమెరికా-చైనా మైత్రీ సేవకులు అనే అర్థం వచ్చే పేరుతో నడిపారు గనుక, మైత్రి అన్న మాటకు ఆ కేకలను కూడా కలుపుకోక తప్పలేదు.

శిక్షణ ముగిశాక సేవకుడు తనకు కేటాయించిన ఊరికి వెళ్తాడు. సంస్థ వాడుకలో ఆ ఊరిని సైట్ అనీ, అక్కడ అతనితో కలిసి పనిచేయవలసిన స్థానికుని కౌంటర్‌పార్ట్ అనీ అంటారు. ఈ కౌంటర్‌పార్ట్ బడిపంతులో, నర్సో, రైతుసంఘం పెద్దో అయి ఉంటాడు. అతనికి సొంత ఉద్యోగం, సొంత సంసారం, సొంత చిక్కులు ఉంటాయి గనుక, నెత్తిన పడిన విదేశీయుణ్ని రోజంతా వెంటబెట్టుకొని తిరగడం అతనివల్ల కాదు. ఫలితంగా మొదటి మూడు నెలలూ సేవకునికి పని అంటూ ఏమీ కనిపించదు. పొద్దున లేచి నీళ్లు మోసుకొని, వడపోత కుండలో పోసి, గంజి తాగి, ఊరు ఒకసారి చుట్టి, పదిమందిని పలకరించి ఇంటికి వచ్చేసరికి ఇంకా తొమ్మిది గంటలే అయి ఉంటుంది.

ఈ ఖాళీయే సేవాకాలంలో అతి కఠినమైన భాగమని అనేకులు రాశారు. గడువుకు ముందే విరమించుకొని ఇంటికి తిరిగివెళ్లే వెసులుబాటు ప్రతి సేవకునికీ ఎప్పుడూ ఉంటుంది. సంస్థ వాడుకలో దీనిని ఎర్లీ టెర్మినేషన్ అంటారు. వెళ్లిపోవడానికి ఉన్న ఈ స్వేచ్ఛ అతన్నీ పొరుగువారినీ వేరుచేసే మొదటి గీత అని సేవకుడు త్వరలోనే గ్రహిస్తాడు.

ఖాళీ సమయాన్ని సద్వినియోగం చేయడానికి శిక్షణలో కొన్ని పద్ధతులు నేర్పుతారు. వాటిలో ఒకటి ఋతు పట్టిక. ఏ నెలలో వాన, ఏ నెలలో నాట్లు, ఏ నెలలో చేతిలో డబ్బు ఆడుతుంది, ఏ నెలలో గాదె ఖాళీ అవుతుంది, ఏ నెలలో పిల్లలకు జబ్బులు వస్తాయి అనే సంగతులన్నీ ఊరివారి చేతనే ఒక పెద్ద కాగితం మీదనో నేల మీదనో గీయిస్తారు. మగవారి చేత వేరుగా, ఆడవారి చేత వేరుగా గీయించడం ఇందులోని కిటుకు. ఒకే ఊరికి రెండు పట్టికలు వస్తాయి. వాటిలో శ్రమ ఒకేలా కనిపించదు, ఆకలి నెలలు సైతం ఒకేచోట పడకపోవచ్చు. ఈ కాగితం వల్ల ఊరికి ఏమి ఒరుగుతుందో చెప్పడం కష్టం గాని, సేవకునికి మాత్రం నాట్ల నెలలో సమావేశం పెట్టకూడదన్న జ్ఞానం కలుగుతుంది. నాట్ల నెలలోనే సమావేశాలు పెట్టే అధికారులు అన్ని దేశాల్లోనూ ఉన్నందువల్ల దీనిని చిన్న లాభం అనలేము.

ఇక డబ్బు సంగతి. సేవకునికి జీతం ఉండదు. ఆ ప్రాంతంలో సామాన్యంగా బతకడానికి సరిపడే భత్యం స్థానిక ద్రవ్యంలో ఇస్తారు. దీనికి తోడు, తిరిగివెళ్లి కుదురుకోవడానికి కొంత మొత్తాన్ని నెలనెలా అతని పేర జమచేస్తారు. తొలినాళ్లలో ఇది నెలకు 75 డాలర్లు ఉండేది. పేదల మధ్య పేదగా బతకడం సంస్థ ఆదర్శం. ఈ ఆదర్శంలో ఉన్న అబద్ధాన్ని సేవకులే ముందుగా బయటపెట్టారు. మోరిట్జ్ థాంసన్ అనే అమెరికన్ రైతు యాభయ్యో పడికి చేరువైన వయసులో ఈక్వడార్ తీరంలోని రియో వెర్దే అనే పల్లెకు వెళ్లి, కోళ్లూ పందులూ పెంచడం నేర్పుతూ, అక్కడివారి బతుకును ‘లివింగ్ పూర్’ అనే గ్రంథంలో నమోదు చేశారు. 1969లో వెలువడిన ఆ పుస్తకం సేవకుల రచనల్లో నేటికీ అగ్రస్థానంలో ఉంది. చాలినంత తిండి లేని మనిషికి కష్టపడే శక్తి ఎక్కడినుంచి వస్తుందన్న ప్రశ్నా, ఒకడు నాలుగు కోళ్లు సంపాదించి పైకివస్తే ఇరుగుపొరుగుల అసూయా బంధువుల అక్కరలూ అతన్ని మళ్లీ ఎలా కిందికి లాగుతాయన్న పరిశీలనా అందులో ప్రధానమైనవి.

సేవకుని పేదరికానికీ ఊరి పేదరికానికీ ఉన్న తేడా ఆరోగ్యం దగ్గర మరింత స్పష్టంగా కనబడుతుంది. సేవకుని గదిలో మందుల పెట్టె ఉంటుంది. రాజధానిలో సంస్థ వైద్యాధికారి ఉంటాడు. మలేరియా ఉన్న దేశాల్లో నివారణ మాత్రలు వేసుకోకపోతే సేవ నుంచే తొలగిస్తారు. జబ్బు ముదిరితే విమానంలో మరో దేశానికి తరలిస్తారు. పక్క గుడిసెలోని పసిబిడ్డకు అదే జ్వరం వస్తే ఇవేవీ ఉండవు. తన పెట్టెలోని మాత్రను ఆ బిడ్డకు ఇవ్వాలా వద్దా అనే సంశయం చాలా దినచర్యల్లో కనిపిస్తుంది. ఇస్తే రేపు ఊరంతా వస్తుంది, వైద్యం తెలియని చేత్తో ఇచ్చిన మందు వికటించవచ్చు. ఇవ్వకపోతే గోడ అవతల ఏడుపు వినిపిస్తూనే ఉంటుంది. నిబంధనల పుస్తకం ఇవ్వవద్దంటుంది. పుస్తకం రాసినవారికి ఆ ఏడుపు వినిపించదు.

ఇలాంటి తేడాలు కొన్ని నవ్వు పుట్టించేవి కూడా. ఊరిలో ఎవరికీ హెల్మెట్ అన్నమాటే తెలియనిచోట, సంస్థ ఇచ్చిన సైకిల్ ఎక్కేటప్పుడు సేవకుడు తప్పనిసరిగా హెల్మెట్ పెట్టుకోవాలి. యుద్ధానికి పోతున్నవానిలా ఇసుక దారిలో సైకిల్ తొక్కే తెల్లవాని వెంట పిల్లలు పరుగెత్తడం ఆఫ్రికా అంతటా కనిపించే దృశ్యం. బట్టలు ఉతకడానికీ నీళ్లు తేవడానికీ ఎవరినైనా పెట్టుకోవాలా అన్నది మరో చిక్కు: సమానత్వం చదివివచ్చినవారికి పనిమనిషి అన్న ఆలోచనే గిట్టదు, ఊరివారికి మాత్రం డబ్బున్న మనిషి పేదరాలికి పని ఇవ్వకుండా తానే ఉతుక్కోవడం పిసినారితనంగా కనిపిస్తుంది. చాలామంది మొదటి ఏడాది ఆదర్శంతో ఉతుక్కొని, రెండవ ఏడాది బుద్ధితెచ్చుకొని మనిషిని పెట్టుకొన్నారు. ఈ విషయంలో ఊరి తీర్పే సరైనదని చెప్పాలి.

సాయంకాలాలు పొడవైనవి. 1960వ దశకంలో సేవకులకు చవక ప్రతుల పుస్తకాలు నింపిన ఒక పెట్టెను సంస్థే పంపేది. కిరోసిన్ దీపం వెలుగులో వాటిని చదివి, చదివినవి పొరుగు ఊరి సేవకునితో మార్చుకొనేవారు. షార్ట్‌వేవ్ రేడియోలో బీబీసీ, వాయిస్ ఆఫ్ అమెరికా వార్తలు వినడం అనేకులకు సంధ్యావందనం లాంటిది. ఇంటినుంచి ఉత్తరం రావడానికి వారాలు పట్టేది. తల్లి జబ్బుపడిందని ఉత్తరం వచ్చేసరికి ఆమె కోలుకొని ఉండేది. నేడు సెల్‌ఫోన్ ఈ దూరాన్ని చెరిపివేసింది. దీనివల్ల ఒంటరితనం తగ్గిందనేవారూ ఉన్నారు, సాయంత్రం వాకిట్లో కూర్చొని పొరుగువారితో మాట్లాడవలసిన గంట కాస్తా ఇంటికి వీడియో కాల్ చేయడంలో పోతున్నదని విచారించేవారూ ఉన్నారు. రెండవ అభిప్రాయంలోనే ఎక్కువ పస ఉంది. ఏ భాషైనా వాకిట్లోనే వస్తుంది.

పొరుగూరి మనిషి మీద పదుల కళ్లు ఉంటాయని తెలుగు పల్లెలు ఎరిగినవారికి చెప్పనక్కరలేదు. సేవకుడు ఏమి వండాడో, ఎవరితో మాట్లాడాడో, దీపం ఎన్ని గంటలకు ఆర్పాడో ఊరంతటికీ తెలుస్తుంది. స్త్రీల విషయంలో ఈ నిఘా రక్షణా అవుతుంది, బెడదా అవుతుంది: ఒంటరిగా ఉన్న పరాయి యువతిని తమ ఇంటి ఆడపిల్లగా చూసుకొనే కుటుంబాలు ఎన్నో ఉండగా, వేధింపులూ దాడులూ ఎదుర్కొన్నవారూ ఉన్నారు. పశ్చిమ ఆఫ్రికాలోని బెనిన్‌లో 2009లో కేట్ పూజీ అనే సేవకురాలు హత్యకు గురయ్యాక, ఫిర్యాదు చేసినవారి పేర్లు గోప్యంగా ఉంచడానికీ బాధితులకు అండగా నిలవడానికీ అమెరికా 2011లో ఆమె పేరుతో ఒక చట్టం చేయవలసివచ్చింది. సంస్థ ఏర్పడిన యాభై ఏళ్లకు గాని ఆ చట్టం రాలేదు.

కళ్లు రెండువైపులా ఉంటాయన్న సంగతి సంస్థకు తొలి ఏడాదిలోనే తెలిసివచ్చింది. 1961 అక్టోబరులో నైజీరియాలోని ఇబాదాన్‌లో శిక్షణ పొందుతున్న ఒక యువతి, అక్కడి వీధుల మురికినీ జీవన పరిస్థితులనూ వర్ణిస్తూ స్వదేశంలోని స్నేహితునికి ఒక పోస్టుకార్డు రాసింది. దారిలో జారిపోయిన ఆ కార్డు విద్యార్థుల చేతికి చిక్కి, ప్రతులు తీయబడి, విశ్వవిద్యాలయంలో పెద్ద నిరసనకు దారితీసింది. ఆమె క్షమాపణ చెప్పి స్వదేశానికి తిరిగిరావలసివచ్చింది.  తమ ఇంటి లోటును అతిథి మరొకరికి చెప్పుకోవడమే ఆ విద్యార్థులకు బాధ కలిగించింది. ఆతిథ్యధర్మం తెలిసిన ఏ సమాజమైనా అలాగే బాధపడుతుంది.

సేవకుని పనికీ ఊరి జీవనానికీ జరిగే ఘర్షణను మైక్ టిడ్‌వెల్ రాసిన ‘ద పాండ్స్ ఆఫ్ కలంబాయి’ అనే పుస్తకం చూపినంత స్పష్టంగా మరొకటి చూపలేదు. ఆయన 1985 నుంచి రెండేళ్లపాటు, నాడు జైర్ అని పిలిచిన కాంగో దేశంలోని కలంబాయి ప్రాంతంలో చేపల పెంపకం నేర్పారు. పద్ధతి తేలికగానే కనిపిస్తుంది: వాగు పక్కన గుంట తవ్వి, గట్లు వేసి, నీరు మళ్లించి, తిలాపియా పిల్లలను వదిలి, ఆకులూ చెత్తా కుళ్లబెట్టిన ఎరువుతో మేత ఏర్పడేట్లు చేస్తే, దాదాపు ఆరు నెలలకు చేపలు పట్టుకోవచ్చు. కాని యంత్రాలు లేనిచోట ఆ గుంటను ఒక మనిషి ఒక పారతో, రోజుకు కొన్ని గంటల చొప్పున, వారాలతరబడి తవ్వాలి. పుష్టికరమైన తిండి లేని రైతు అంత మట్టి ఎత్తిపోయడం చూసి టిడ్‌వెల్ చలించిపోయారు.

చేపలు పట్టే రోజు వచ్చింది. గట్టు తెగ్గొట్టి నీరు వదిలేసరికి బంధువులు, ఇరుగుపొరుగులు, ఏదో వరస కలిసినవారు గట్టు మీద చేరారు. రైతు బురదలో దిగి పట్టిన చేపలను పట్టినట్లే పంచడం మొదలుపెట్టాడు. ఇతనికి గుప్పెడు, ఆమెకు గుప్పెడు, వెనక నిలబడినవారికి మరికొన్ని. అమ్మితే పిల్లల బట్టలకూ ఇంటి అవసరాలకూ డబ్బు వస్తుందని ఆరు నెలలుగా లెక్కలు వేసిచెప్పిన సేవకుడు, కళ్లముందే లాభమంతా కరిగిపోవడం చూసి కోపం ఆపుకోలేక, పంచడం ఆపమని రైతును వేడుకొన్నాడు. రైతు ఆపలేదు.

ఆ పంపకం వెర్రితనం కాదని అర్థం కావడానికి ఆయనకు మరి కొంతకాలం పట్టింది. బ్యాంకు లేదు, బీమా లేదు, ప్రభుత్వ ఆసుపత్రి పేరుకే ఉంది. అలాంటిచోట ఒక మనిషి జబ్బుపడితే అతని పొలం దున్నేదీ, అతను చనిపోతే పిల్లలకు అన్నం పెట్టేదీ నేడు గట్టు మీద నిలబడినవారే. ఈ రోజు చేప ఇవ్వనివానికి రేపు ఎవరూ ఏమీ ఇవ్వరు. సేవకుడు వేసిన లెక్కలో తప్పు లేదు గాని, అది బ్యాంకు ఉన్న దేశపు లెక్క. పైగా, ఆ ఊళ్లోకి పరాయివాడుగా వచ్చిన సేవకుణ్ని పిలిచి కూర్చోబెట్టి పెట్టింది కూడా ఆ పంచుకొనే అలవాటే. రైతు గుంట తవ్వడం మానలేదు, చేపలు పెంచడమూ మానలేదు. కొంత పంచి, కొంత అమ్ముకొన్నాడు. ఆ ‘కొంత’ ఎంత అన్నది నిర్ణయించుకోవలసింది అతనే.

విదేశీ సేవను సమూలంగా ప్రశ్నించినవారూ ఉన్నారు. తత్వవేత్త ఇవాన్ ఇలిచ్ 1968 ఏప్రిల్‌లో అమెరికన్ విద్యార్థి సేవకుల సభకు వచ్చి, భాష రానిచోట, అడగని సహాయాన్ని మోసుకొని రావడం ఒక విధమైన దౌర్జన్యమేననీ, కావాలంటే చూడటానికీ నేర్చుకోవడానికీ రావాలి గాని ఉద్ధరించడానికి రావద్దనీ సూటిగా చెప్పారు. ఆయన విమర్శలో అతిశయోక్తి ఉంది. మారుమూల బడిలో లెక్కల పంతులు లేనప్పుడు లెక్కలు చెప్పగల విదేశీయుడు వచ్చి రెండేళ్లు చెబితే అది దౌర్జన్యం అవదు. అయినా, ఏ నైపుణ్యమూ లేని కొత్త పట్టభద్రులను వ్యవసాయ నిపుణులుగా పంపిన సందర్భాలకు ఆ విమర్శ అక్షరాలా వర్తిస్తుంది. తరతరాలుగా సేద్యం చేస్తున్నవారికి మూడు నెలల శిక్షణతో సేద్యం నేర్పబోవడం ఎంత సాహసమో ఆ పట్టభద్రులే తరువాత ఒప్పుకొన్నారు.

పనికీ పరిచయానికీ ఉన్న సంబంధం 2020 మార్చిలో మరో విధంగా వెల్లడైంది. కోవిడ్ మహమ్మారి వ్యాపించగానే, చరిత్రలో మొదటిసారిగా సంస్థ అన్ని దేశాల్లోని సేవకులను, దాదాపు 7 వేలమందిని, ఒక్కసారిగా వెనక్కి పిలిపించింది. అనేకులకు మూటాముల్లె సర్దుకోవడానికి ఒకటి రెండు రోజులు కూడా దొరకలేదు. చాలామంది ఆతిథ్య కుటుంబాలకు చెప్పకుండానే విమానం ఎక్కారు. రెండేళ్ల తరువాత, 2022 మార్చిలో గాని మొదటి జట్లు మళ్లీ బయలుదేరలేదు. ఆ విరామంలో, సగంలో ఆగిన పనుల కంటే, చెప్పకుండా వచ్చేసిన ఇంటిని గురించే సేవకులు ఎక్కువగా బాధపడ్డారు.

భారతదేశానికీ ఈ చరిత్రలో పెద్ద భాగమే ఉంది. 1961 చివర మొదటి జట్టు పంజాబుకు వచ్చినది మొదలు 1976లో కార్యక్రమం ముగిసే వరకు నాలుగు వేలమందికి పైగా పీస్ కోర్ సేవకులు ఇక్కడ పనిచేశారు. కోళ్ల పెంపకం, వ్యవసాయం, పౌష్టికాహారం, పాఠశాల బోధన వారి ముఖ్యమైన రంగాలు. తరువాత అమెరికా అధ్యక్షుడైన జిమ్మీ కార్టర్ తల్లి, నర్సుగా పనిచేసిన లిలియన్ కార్టర్, 1966లో 68 ఏళ్ల వయసులో బొంబాయి శివారులోని విక్రోలీకి వచ్చి, ఒక చికిత్సాలయంలో దాదాపు రెండేళ్లు సేవచేశారు. ఇంటికి రాసిన ఆమె ఉత్తరాలు 1977లో పుస్తకంగా వచ్చాయి. అప్పటి ఆంధ్రప్రదేశ్ పల్లెల్లోనూ పట్టణాల్లోనూ కూడా ఈ సేవకులు నివసించారు, తెలుగు నేర్చుకొన్నారు, అరుగుల మీద కూర్చొని మాట్లాడారు.

ఇంతవరకు పేర్కొన్న పుస్తకాలన్నీ అతిథులు రాసినవే. ఆతిథ్యం ఇచ్చినవారు రాసినవి లేవని కాదు గాని, కలంబాయి రైతు, తనపై కోపగించుకొన్న ఆ అమెరికన్‌ను గురించి ఏమనుకొన్నాడో, ఫూలింగ్ దుకాణదారు హో వెయ్‌ని ఎలా గుర్తుపెట్టుకొన్నాడో చెప్పే గ్రంథాలు సులభంగా దొరకవు. ఎవరి చేతిలో కలం ఉందో వారి జ్ఞాపకమే చరిత్రగా మిగిలింది. తెలుగునాట 1960, 70 దశకాల్లో తమ ఊళ్లో మకాం పెట్టిన అమెరికన్ యువకుణ్ని లేదా యువతిని ఎరిగినవారు, వారికి గది అద్దెకిచ్చినవారు, వారికి తెలుగు నేర్పినవారు, వారు తెచ్చిన కోడిపిల్లలను పెంచినవారు నేడు డెబ్బై, ఎనభై ఏళ్ల వయసులో ఉన్నారు. వారి ఇళ్లలో ఫోటోలో, విదేశీ తపాలా బిళ్లలున్న ఉత్తరాలో ఉండి ఉండవచ్చు. అలాంటి పెద్దలు ఇంట్లో ఉన్న శ్రోతలు ఒక పూట వారి దగ్గర కూర్చొని, ఆ అతిథి ఏమి తినేవాడో, ఏ మాట పలకలేకపోయేవాడో, అతనివల్ల ఊరికి ఏమైనా జరిగిందో లేదో అడిగి, వారు చెప్పింది చెప్పినట్లుగా రాసిపెట్టాలని మనవి.